శౌరమ్మకు తెలిసిన ఘాటు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

భానూ,

నువ్వూ, మన బుజ్జిదీ, అత్తయ్యగారూ, మావయ్యగారూ చల్లపల్లిలో హాయిగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ నేనూ క్షేమమే. కాళ్ళు, చేతులు, కళ్ళు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఈ మాట ముందే రాయకపోతే నువ్వు మిగతాదంతా నిలబడే చదివేస్తావని నాకు తెలుసు. కూర్చో. పాప నిద్రపోయాకే చదువు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే ఎత్తేది అత్తయ్యగారు. ఎత్తీ ఎత్తగానే స్పీకరు నొక్కుతారు. "అల్లుడుగారండీ, భోంచేశారా అండీ?" అని ఆవిడ అడగడం, చేశానండీ అని నేననడం, ఏం కూరో మీ పక్కింటివాళ్ళు కూడా వినడం. ఇవాళ నేను చెప్పాల్సింది స్పీకర్లో చెప్పే సంగతి కాదు. ఫోను మోగితే పాప లేస్తోందని నువ్వు మొదలుపెట్టిన ఈ ఉత్తరాల అలవాటే మంచిదయింది. మొదట్లో నిన్ను ఎగతాళి చేశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అన్నం నేనే వండుకుంటున్నాను, కూరలు మాత్రం వీధి చివర కర్రీ పాయింటులో తెచ్చుకుంటున్నాను. వాడి దొండకాయ వేపుడు నీ దానంత బాగోదు, ఈ మాట అత్తయ్యగారికి కూడా చదివి వినిపించు. కరివేపాకు మొక్క చావలేదు, పైగా రెండు కొమ్మలు వేసింది. ఉయ్యాలకి కొక్కెం వేయించాను. మేస్త్రీ గట్టిదేనన్నాడు గానీ నాకు నమ్మకం కుదరక నేనే పట్టుకుని వేలాడి చూశాను. మేస్త్రీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ, అందులో పడుకునేది వాడి కూతురు కాదుగా. పాప కాళ్ళు ఝాడించే తీరు చూసి అత్తయ్యగారు కూచిపూడిలో చేర్పించాలంటున్నారని రాశావు. ముందు దాని మెడ నిలబడనివ్వమని చెప్పు.

ఇక అసలు సంగతి. "ఫ్యాక్టరీలో గ్యాసు లీకయితే మీరు ప్రాణాలకు తెగించి ఆపారట, పేపర్లో శాలువాతో మీ ఫొటో వేశారు, నాన్న వీధిలో అందరికీ చూపించారు, నాకెందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డావు. ఆ ముక్క కత్తిరించి బీరువాలో పాప బట్టల కింద దాచానన్నావు. తీసెయ్ భానూ. ఆ ఫొటో ఇంట్లో ఉంచుకోదగ్గది కాదు. ఎందుకో చెబుతాను. చదివాక, మూడో నెల వెళ్ళగానే పాపని తీసుకుని నా దగ్గరికి రావాలో, ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండాలో నువ్వే ఆలోచించుకో. నాకైతే మీరిద్దరూ రేపే రావాలని ఉంది. కానీ నా సంగతి తెలియకుండా మిమ్మల్ని రమ్మనలేను.

మా పని నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పామర్రు వెళ్ళే దారిలో రొయ్యల ఫ్యాక్టరీ అని తెలుసు, నేను కంప్రెసర్ రూములో ఆపరేటరునని తెలుసు. రొయ్యల్ని రాయిలా గడ్డ కట్టించాలంటే గొట్టాల్లో అమోనియా అనే గ్యాసు తిరుగుతూ ఉండాలి. గొట్టంలో ఉన్నంతసేపూ దానంత పనిమంతురాలు లేదు. బయటపడిందా, కొంచెమైతే ముక్కు అదిరే ఘాటు, ఎక్కువైతే కళ్ళు, ఊపిరితిత్తులు కాలిపోతాయి. మా గొట్టాలు వెళ్ళే గోడకి అవతల అరవైమంది ఆడవాళ్ళు పొద్దున్నించీ సాయంత్రందాకా నిలబడి రొయ్యలు వలుస్తుంటారు. ఆ గోడకి ఇవతల ఉన్న మనిషి జాగ్రత్తగా ఉన్నాడన్న ధైర్యమే వాళ్ళది.

ఆ జాగ్రత్త మనిషిని నేను. పెళ్ళిచూపుల్లో మా వెంకటసుబ్బారావు బాబాయి ఏమన్నాడో గుర్తుందిగా? "మావాడి ముక్కు అట్లాంటిట్లాంటిది కాదండీ, గోడ అవతల అగ్గిపుల్ల గీస్తే చెప్పేస్తాడు" అన్నాడు. నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వావు. అది ఒకప్పుడు నిజమే. ఇంజనీర్లు సబ్బునురుగు రాసి మూడు గంటలు వెతికినా దొరకని సన్న కన్నాన్ని నేను నడుచుకుంటూ వెళ్ళి వేలు పెట్టి చూపించాను. అప్పటినుంచీ ఫ్యాక్టరీలో నా పేరు కిరీటి కాదు, కిరీటి ముక్కు. ఎక్కడ ఏ అనుమానం వచ్చినా నన్ను పిలిచేవారు. నేను వెళ్ళి, తల పైకెత్తి, రెండుసార్లు పీల్చి, ఉందనో లేదనో చెప్పేవాణ్ణి. నేను లేదంటే లేదు. ఎంత గర్వంగా ఉండేదో నీకు చెప్పలేను.

పోయినవారం కాక అంతకు ముందు మంగళవారం, పొద్దుటి షిఫ్టు. ఒకటే వాన. పదకొండింటప్పుడు శౌరమ్మ వచ్చింది. నువ్వు చూశావు ఆమెని, మన పెళ్ళికొచ్చి, నీ చేతికి తనే గాజులు తొడిగింది. వెనక గోడ పక్కన మొదటి బల్ల ఆమెది. గమ్‌బూట్లతో టపటపా నడుచుకుంటూ వచ్చి, "కిరీటి బాబూ, మా గోడ కాడ ఘాటొస్తందయ్యా. కళ్ళెంట నీళ్ళు కారతన్నాయి. ఒక్కసారి చూడు" అంది.

వెళ్ళాను. అందరూ చూస్తుండగా తల పైకెత్తి రెండుసార్లు పీల్చాను. "ఏం లేదు శౌరమ్మా. చేతులు కడిగే బ్లీచింగ్ నీళ్ళ వాసన" అన్నాను.

"ఇరవయ్యేళ్ళబట్టి పని చేత్తన్నా, బ్లీచింగు వాసన నాకు తెలవదా?" అంది.

"నాకంటే బాగా తెలుసా ఏంటి?" అని నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. శౌరమ్మ కూడా నవ్వి, వెళ్ళి తన బల్ల దగ్గర నిలబడింది.

భానూ, నాకు వాసన తెలియదు.

నాలుగేళ్ళ పైమాటే. రెండోసారి కరోనా ఊపేసినప్పుడు నాకూ జ్వరం వచ్చింది, వాసన పోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగొచ్చింది, నాకు రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూశాను. ఎవరికీ చెప్పలేదు. ఏడాదికోసారి డాక్టరు వచ్చి కళ్ళు చూస్తాడు, చెవులు చూస్తాడు, ఊదమంటాడు. ముక్కు పనిచేస్తోందా అని ఎవరూ అడగరు. కిరీటి ముక్కుని ఎవడడుగుతాడు?

మరి ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చానంటావా? గంధకం వత్తులని ఉంటాయి, పాతకాలపు పద్ధతి. వెలిగించి గొట్టం దగ్గర తిప్పితే, గ్యాసు ఉన్నచోట తెల్లగా పొగ లేస్తుంది. షిఫ్టు మొదట్లో ఎవరూ లేనప్పుడు గొట్టాలన్నింటి దగ్గరా తిప్పేవాణ్ణి. ఆ తర్వాత అందరి ముందూ ముక్కు నాటకం. ఆ మంగళవారం బస్సు దిగి గేటుదాకా నడిచేసరికి జేబులో వత్తులు వానకి ముద్దయిపోయాయి. ఒక్కటీ వెలగలేదు. పోనీలే, ఒక్కరోజుకి ఏమవుతుంది అనుకున్నాను.

ఇది కూడా కాదు భానూ అసలు తప్పు. గోడకి గ్యాసు మీటరు ఉండేది. కొంచెం లీకయినా కూత పెట్టే మీటరు. ఉగాది ముందు పాడయింది. మా మేనేజరు లక్ష్మీకాంత్ గారు నన్నే అడిగారు, "కొత్తది వెంటనే తెప్పించమంటావా కిరీటీ?" అని. "తొందరేం లేదు సార్, నేనున్నాగా" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. మీటరు ఉంటే, ఏదో ఒకరోజు నేను లేదన్నప్పుడు అది కూస్తుంది. అందరూ నా మొహం చూస్తారు. ఆ సిగ్గు తప్పించుకోవడానికి అరవైమందికి ఉన్న ఒక్క కాపలానీ గోడ మీద పాడై పడి ఉండనిచ్చాను.

శౌరమ్మ వెళ్ళాక అరగంటకి నా కళ్ళు మండాయి. ముక్కు పోయినా మంట తెలుస్తుంది. అంటే అప్పటికే చాలా వచ్చేసిందన్నమాట. సైరన్ నొక్కాను. హాల్లోవాళ్ళు గేటుకేసి వెళ్ళాల్సింది పోయి, గమ్‌బూట్లు విప్పి తమ చెప్పులు వేసుకునే చెప్పుల గదికేసి పరిగెత్తారు. గమ్‌బూట్లతో బయటికి వెళ్తే సూపర్‌వైజరు తిడతాడని రోజూ ఉన్న భయం, ఆ క్షణంలో కూడా పోలేదు పిచ్చితల్లులకి. ఆ చెప్పుల గది లీకయిన గోడ పక్కనే. మా సేఫ్టీ ఆఫీసరు సాయిశ్రీ మేడమ్ చూసింది కాబట్టి సరిపోయింది. పాతికేళ్ళ పిల్ల, ఆ తలుపుకి అడ్డంగా నిలబడి, "చెప్పులు నేను కొనిపెడతా, గాలికి ఎదురు నడవండమ్మా!" అని గొంతు చించుకుని అరిచింది. అందరినీ చేలగట్టు మీదికి మళ్ళించింది.

నేనూ, నాతోటి ఆపరేటరు ఫిన్నీ మాస్కులు తగిలించుకుని, గాలి సిలిండర్లు వీపున వేసుకుని లోపలికెళ్ళాం. వాల్వు మెడ దగ్గర లీకు. వెనక నుంచి వచ్చే గొట్టం కట్టేశాం, గాల్లో ఉన్నదాని మీద నీళ్ళు చిమ్మాం. పన్నెండు నిమిషాల పని. బయటికొచ్చి లెక్క చూసుకుంటే అందరూ ఉన్నారు. కానీ శౌరమ్మ రెండు కళ్ళూ మూసుకుని గట్టు మీద చతికిలబడి ఉంది. మిగతావాళ్ళకి దగ్గు, మంట. ఆ గోడ పక్కనే అరగంట నిలబడింది ఆమె ఒక్కతే.

ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. గురువారం మీటింగు పెట్టి శాలువా కప్పారు. కప్పించుకున్నాను భానూ, దాచను. ఫొటోకి నిలబడమంటే నిలబడ్డాను కూడా. శౌరమ్మని చూడ్డానికి మాత్రం వెళ్ళలేదు. తర్వాతి మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. పాప బట్టల కింద ఆ ఫొటో దాచానని చదివాక ఇంట్లో ఉండలేకపోయాను. ఉయ్యూరు బస్సెక్కి శౌరమ్మ ఇంటికెళ్ళాను.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. గొంతు విని గుర్తుపట్టింది. "రా బాబూ. పాపెట్టా ఉంది? పాలు బాగా తాగుద్దా?" అంది.

"పాప సంగతి సరేగానీ, నీ కళ్ళెలా ఉన్నాయి?"

"మసగ్గా ఉండయ్యి. తగ్గుద్దంట, నెల పట్టుద్దన్నాడు డాట్రు."

"ఆ రోజు నువ్వు ముందే వచ్చి నాకు చెప్పావని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదేం శౌరమ్మా?"

"చెబితే ఏమొచ్చుద్ది? నిన్ను తీసేత్తారు. పసిబిడ్డ తండ్రివి." కళ్ళద్దాలు సర్దుకుని, "అయినా నేనేమనుకున్నానో తెలుసా? కిరీటి ముక్కుకి తెలవంది నా ముక్కుకి తెలుసుద్దా, నాకే ఏదో తేడా అయ్యుంటది అనుకున్నా. కళ్ళు మండతన్నా అట్టాగే నిలబడి వలిచా" అంది.

నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఆమె పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "అయ్యో బాబూ, మరి నీకు అన్నం ఎట్టా సయిస్తంది?" అని అడిగింది. ఆమె కూతురు మాత్రం లోపలినుంచి విందేమో, నేను లేచి వస్తుంటే మొహం తిప్పుకుంది. అది న్యాయమే.

మర్నాడు లక్ష్మీకాంత్ గారి గదిలోకెళ్ళి, శాలువా బల్ల మీద పెట్టి చెప్పాను. ఆయన లేచి నిలబడిపోయారు. "ఏం మాట్లాడుతున్నావయ్యా? నీ ముక్కుని నమ్ముకుని కదా నేను మీటరు కొనకుండా కూర్చున్నాను!" అని బల్ల గుద్దారు. తనన్న మాట తన చెవినే పడ్డట్టుంది, మెల్లిగా కుర్చీలో కూర్చుండిపోయారు.

ఆ గదిలోనే ఉన్న సాయిశ్రీ మేడమ్ అంది, "మనిషి ముక్కు మీటరు కాదు సార్. కిరీటి గారికి కరోనా రాకపోయినా కాదు. రోజూ అదే గాల్లో ఉన్నవాళ్ళకి ముక్కు మొద్దుబారిపోతుంది. నేను చేరిన రోజే రాసిచ్చాను." తర్వాత నాకేసి తిరిగి, "ఈ మాట మీరు మాకు చెబితే చాలదు. వాళ్ళకి చెప్పండి" అంది.

అరవైమంది ముందు నిలబడి చెప్పాను భానూ. ఒకామె, పేరు కూడా తెలియదు నాకు, "మరి నువ్వున్నావని మేం ధైర్యంగా ఉన్నాం గదయ్యా" అంది. కోపంగా కూడా అనలేదు. చేతులు జోడించాను. ఇంకొకావిడ తిట్టింది, గట్టిగానే. పడ్డాను.

ఇప్పుడు నన్ను కంప్రెసర్ రూములోంచి తీసేసి స్టోర్సులో వేశారు. జీతం తగ్గుతుంది, ఉద్యోగం మాత్రం ఉంచారు. కొత్త మీటర్లు మూడొచ్చాయి. కంప్రెసర్ రూములో ఒకటి, హాల్లో రెండు. చెప్పుల గది గేటు దగ్గరికి మార్చారు. ఇంకో మాట గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. హాల్లో ఎవరు ఘాటు వస్తోందన్నా సరే, ముందు పని ఆపి బయటికి రావాలి, ఉందో లేదో తర్వాత మీటరుతో చూడాలి, కాదనే హక్కు ఏ ఆపరేటరుకీ లేదు. ఆ బోర్డుకి రంగు తెచ్చింది స్టోర్సులోంచి నేనే.

నీకు చేసిన మోసం కూడా ఉంది. నీ చేపల పులుసు వాసనకే ఆకలేస్తోందని ఎన్నిసార్లన్నానో, అన్నీ అబద్ధాలే. నీ కష్టం చూసి అన్నాను, అంతవరకు నిజం. ఓసారి పాలు మాడి గిన్నె నల్లబడిపోతే, పక్కనే కూర్చుని పేపరు చదువుతున్న నన్ను పట్టుకుని, "మీరు మనిషా, మొద్దా?" అన్నావు. నేను నవ్వేసి ఊరుకున్నాను. పాలు గనక సరిపోయింది, వంటగ్యాసు అయితే? పాప పుట్టినప్పటినుంచీ ఆ మాట తలచుకుంటే నాకు కూడు సహించడం లేదు. నిన్న వంటింట్లో గ్యాసు లీకైతే కూసే చిన్న మీటరు బిగించాను, సిలిండరు బయట వసారాలోకి మార్చి ఇటుకతో గూడు కట్టిస్తున్నాను. బుధవారం ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఇన్నేళ్ళయ్యాక తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దని ఫిన్నీ వాళ్ళ అక్క అంది, ఆవిడ నర్సు. అయినా వెళ్తాను.

నీ ఉత్తరం చివర ఇంకో ప్రశ్న ఉంది. దాటేశాననుకోకు. రాయడానికి చెయ్యి రాక ఆఖరికి పెట్టుకున్నాను. నేను కిందటిసారి వచ్చినప్పుడు, అత్తయ్యగారు పాపకి నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "మాడు దగ్గర వాసన చూడండి, ఎంత బాగుంటుందో" అన్నావు నువ్వు. నేను కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి, "అబ్బ!" అన్నాను. నువ్వెంత మురిసిపోయావో. "పాల వాసనా, సాంబ్రాణి వాసనా, ఇంకేదైనానా? మీకేమనిపించిందో రాయండి" అని అడిగావు.

నాకేమీ తెలియలేదు భానూ. వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. మాడు మీద పెదవి ఆనిస్తే లోపల చిన్నగా కొట్టుకుంటోంది. అంతే. నా కూతురి వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు.

నువ్వు రాయి. ఇవాళే, అది నిద్రలేవగానే వాసన చూసి రాయి. ఇంటికి ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో అది కూడా అందులోనే రాయి. నువ్వు ఎలా ఉంటుందంటే అలా ఉంటుందని నమ్ముతాను.

ఇట్లు,
నీ భర్త, బుజ్జిదాని నాన్న,
కిరీటి.